డ్యూటీ వేళలు ఇంటి వేళలతో ఢీకొంటుంటే: షిఫ్టు మార్పు ఎలా అడగాలి, ఎలా నిలబెట్టుకోవాలి

అనంతపురం నుంచి తాడిపత్రి వైపు ఉదయం ఆరు గంటల షిఫ్టుకు పోయే మనిషి ఇంట్లో దీపం మూడున్నరకే వెలుగుతుంది. ఆ రోజు కుళాయికి నీళ్ళు వదిలే రోజైతే ఇంకా ముందే. బిందెలు, పిల్లల క్యారియర్లు, పెద్దాయన షుగరు మాత్రలు, సందు మొదట్లో ఆగే కంపెనీ బస్సు, అన్నీ ఒకే గంటలో వచ్చి పడతాయి. ఇది నెలల తరబడి సాగితే మనుషులు తమ పనివేళల్ని ఎవరికీ చెప్పకుండా తామే మార్చుకుంటారు. రోజూ పది నిమిషాలు ఆలస్యంగా పోతారు. కడుపునొప్పని సెలవు పెడతారు. ఓటీ (ఓవర్‌టైమ్) అంటే తప్పుకుంటారు. ఎవరూ కోరని నైట్ షిఫ్టును శాశ్వతంగా తీసుకుంటారు. చివరికి ఇంట్లో ఒకరు, చాలాసార్లు ఆడమనిషే, ఉద్యోగం మానేస్తారు.

ఇవన్నీ పనివేళల మార్పులే. కాకపోతే లెక్క లేకుండా, హక్కు లేకుండా, చెడ్డపేరు మూటగట్టుకుని జరిగే మార్పులు. ఎలాగూ మారక తప్పనప్పుడు ఆ మార్పు కాగితం మీద, మీరు ఎంచుకున్న పద్ధతిలో జరగాలి. ముందే ఒక మాట: ఇలాంటి ఇళ్ళలో చాలావాటికి గంటలు తగ్గాల్సిన పని లేదు. ఎక్కడో ఒక అరగంట పక్కకు జరిగితే చాలు. ఆ అరగంట ఏదో పట్టుకోవడమే అసలు పని.

మొదట నోటుపుస్తకం

పిల్లల నోటుపుస్తకం ఒకటి తీసుకోండి. జనరల్ షిఫ్టు వాళ్ళయితే 14 రోజులు, వారం వారం మూడు షిఫ్టులు (ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10కి మొదలయ్యేవి) మారేవాళ్ళయితే 21 రోజులు రాయాలి. అంతకంటే తక్కువ రాస్తే ఏదో ఒక షిఫ్టు లెక్కలోకి రాదు. మీరు అడిగిన మార్పు ఆ షిఫ్టులోనే బెడిసికొడుతుంది.

రోజుకు ఐదు సంగతులు రాస్తే సరిపోతుంది: ఏ షిఫ్టు, ఇంట్లో ఏ పని దానికి అడ్డం పడింది, ఎన్ని నిమిషాలు, ఆ పని ఎవరు సర్దారు, దానికి ఏమి ఖర్చయింది. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల పని. వారం చివర కూర్చుని గుర్తుచేసుకుని రాయొద్దు. కోపం వచ్చిన రోజులే గుర్తుంటాయి, మామూలు రోజులు జారిపోతాయి. పేజీ ఇలా ఉంటుంది (రిలీవర్ అంటే తర్వాతి షిఫ్టుకు వచ్చి మన పని అందుకునే మనిషి):

"మంగళవారం. ఫస్ట్ షిఫ్టు. బస్సు 4:40. నీళ్ళు 5:15కు వచ్చినాయి. అమ్మ పట్టింది, నాలుగు బిందెలే. ఆమెకు నడుము నొప్పి.
గురువారం. ఫస్ట్ షిఫ్టు. రిలీవర్ 2:35కు వచ్చినాడు. 2:15 బస్సు పోయింది. పాప బడి గేటు కాడ 35 నిమిషాలు ఒక్కతే. పక్కింటి అక్క తోడుకొచ్చింది."

మూడు వారాలు ఇలా రాస్తే ఒక విషయం బయటపడుతుంది. "ఈ ఉద్యోగంతో ఇల్లు నాశనమైపోతోంది" అనుకున్నది నిజానికి ఫస్ట్ షిఫ్టు వారంలో మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర మధ్య జరుగుతున్న సమస్య అని తేలుతుంది. ఉద్యోగం మొత్తాన్ని మార్చలేం. ఆ అరగంటను మార్చవచ్చు.

అదే పుస్తకంలో ఒకసారి గడప నుంచి గడపకు లెక్క కూడా వేయండి. 4:40కు బస్సెక్కి 3:40కు ఇల్లు చేరితే రోజుకు 11 గంటలు, ఆరు రోజులకు 66. మస్టర్‌లో (హాజరు పట్టీలో) మాత్రం 48. ఈ 18 గంటల తేడా సూపర్‌వైజరుకు కనపడదు, ఇంట్లోవాళ్ళకు కనపడుతుంది. "ఎనిమిది గంటల డ్యూటీయే కదా" అని ఒకరు, "పొద్దంతా అక్కడే ఉంటావు" అని ఇంకొకరు అనేది ఇందుకే. ఇద్దరి లెక్కా నిజమే.

ఏ రకం ఢీ అన్నది తేల్చుకోండి

1985లో గ్రీన్‌హౌస్, బ్యూటెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఉద్యోగానికీ కుటుంబానికీ మధ్య వచ్చే ఘర్షణను మూడుగా విడదీశారు: వేళ వల్ల వచ్చేది, అలసటా ఒత్తిడీ వల్ల వచ్చేది, నడవడిక వల్ల వచ్చేది. ఈ విభజనను గట్టిగా పట్టుకోండి. ఎందుకంటే మూడింటికీ మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే షిఫ్టు మారుతుంది, గొడవ మాత్రం అలాగే ఉంటుంది.

వేళ వల్ల వచ్చేది పైన చూసిన బడి గేటు లాంటిది. ఒకే సమయానికి రెండు చోట్ల ఉండాలి. గడియారంలో చూపించగలరు. దీనికి షిఫ్టు జరపడమో, మార్పిడో పనిచేస్తుంది.

అలసట వల్ల వచ్చేది గడియారంలో కనపడదు. ఆస్పత్రిలో రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా డ్యూటీ చేసిన స్టాఫ్ నర్సు సాయంత్రమంతా ఇంట్లోనే ఉంటుంది. అయినా కొడుకు ఎక్కాలు అడిగితే కసురుకుంటుంది. ఇక్కడ డ్యూటీ మొదలయ్యే వేళ అరగంట జరిపితే ఒరిగేదేమీ లేదు. వరుసగా పడే నైట్లు నాలుగు ఉంటే రెండుకు తగ్గాలి, లేదా నైట్ల తర్వాత ఒక రోజు కాకుండా రెండు రోజులు ఆఫ్ రావాలి.

మూడోది, సెక్షన్‌లో గట్టిగా అరిచి పని చేయించే మనిషి ఇంటికొచ్చాక కూడా అదే గొంతుతో మాట్లాడటం. దీనికి ఏ షిఫ్టు మార్పూ పనికిరాదు. బస్సు దిగాక ఇంటికి నేరుగా పోకుండా పావుగంట నడిచి, మొహం కడుక్కుని లోపలికి పోవడం అలవాటు చేసుకోండి. ఇంతకుమించి ఇక్కడ చెప్పేది లేదు. దీని కోసం మాత్రం షిఫ్టు మార్చమని అడగొద్దు.

పుస్తకంలో ప్రతి వరుస పక్కన "వే", "అ", "న" అని ఒక అక్షరం వేయండి. ఏది ఎక్కువుంటే అర్జీ దాని గురించి. "ఎవరు సర్దారు" అన్న గడిలో పదికి తొమ్మిదిసార్లు ఒకే పేరు కనిపిస్తే మాత్రం అర్జీకి ముందు ఇంట్లో మాట్లాడాలి. అమ్మ నడుము మీద నడిచే షిఫ్టు ఎక్కువ కాలం నడవదు.

ఏమి అడగాలి: చిన్నదాని నుంచి పెద్దదానికి

అడిగేది ఎంత చిన్నదైతే ఒప్పుకునే అవకాశం అంత ఎక్కువ. ఈ వరుసలో కిందికి దిగుతూ పోండి, మీ సమస్య ఎక్కడ తీరితే అక్కడ ఆగండి. హ్యాండోవర్ సర్దుబాటు, అంటే షిఫ్టు చివర పని అప్పగించే పది పదిహేను నిమిషాలు పక్కవాళ్ళు చూసుకోవడం. ఆ తర్వాత ఫలానా రోజుకు మ్యూచువల్, అంటే సహోద్యోగితో డ్యూటీ మార్పిడి. వీక్లీ ఆఫ్‌ను ఫలానా రోజుకు మార్చడం. ఓటీ ఏ రోజుల్లో చేస్తారో, ఏ రోజుల్లో చేయలేరో ముందే చెప్పడం. కొన్ని నెలలకు ఒకే షిఫ్టు అడగడం. అన్నిటికంటే చివర, పనిరోజులు గానీ గంటలు గానీ తగ్గించుకోవడం.

తగ్గించుకోవడాన్ని చివర పెట్టడానికి కారణం జీతం ఒక్కటే కాదు. నెల జీతం 21,000 రూపాయల లోపుండి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కట్టేవాళ్ళు ఈ లెక్క బాగా చూసుకోవాలి. ఈఎస్ఐలో చందా కాలం ఆరు నెలలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఒక కాలంలో కనీసం 78 రోజుల చందా పడితేనే తర్వాత జబ్బు చేసినప్పుడు జీతంలో 70 శాతం చొప్పున, ఏడాదికి 91 రోజుల దాకా డబ్బు వస్తుంది. "వారానికి మూడు రోజులు వస్తాను సార్" అని ఒప్పందం చేసుకుంటే 26 వారాలకు సరిగ్గా 78. పండగకు జీతం లేకుండా ఒక్క రోజు మానినా 77 అవుతుంది, ఆ హక్కు పోతుంది. ఇంట్లో పెద్దాయన జబ్బు కోసం గంటలు తగ్గించుకున్న మనిషి తనకు జ్వరమొచ్చిన రోజున ఏమీ లేకుండా నిలబడాల్సి వస్తుంది. తగ్గించుకోక తప్పదంటే వారానికి నాలుగు రోజులకు తగ్గకుండా చూసుకోండి.

గర్భిణులూ ఇదే లెక్క ముందుగా చూడాలి. ప్రసూతి ప్రయోజన చట్టం (2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది) కింద సెలవు జీతం రావాలంటే ప్రసవం తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. 2017 సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవుంది. తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా మామూలు విరామం కాక రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఉన్నాయి. 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి చూసుకోవచ్చు. ఇవి అడిగి బతిమాలేవి కావు. అర్జీలో "దయతో" అన్న మాట లేకుండా రాయదగినవి.

వారానికి 48 గంటల హద్దు, దాటితే రెట్టింపు కూలి అన్నవి 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచి ఉన్నవే. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఆ రెండూ ఉన్నాయి. ఓటీకి మామూలు రేటే వేస్తున్నారంటే, మీ ఇంటి వేళను సగం ధరకు అమ్ముతున్నారన్నమాట.

అర్జీ రాయడం

ఒక్క పేజీ దాటొద్దు. ఇంటి కష్టం రెండు వాక్యాలు, లెక్క ఒకటి రెండు వాక్యాలు, మీరు చెప్పే ఏర్పాటు నాలుగైదు వాక్యాలు. చాలామంది దీన్ని తలకిందులుగా రాస్తారు: కష్టం ముప్పావు పేజీ, ఏర్పాటు "తగిన న్యాయం చేయగలరు" అని ఒక్క ముక్క. చదివే సూపర్‌వైజరుకు మీ మీద జాలి కలుగుతుంది, కానీ షిఫ్టుల చార్టులో ఏమి మార్చాలో తెలియదు. కాగితం సొరుగులోకి పోతుంది. నమూనా చూడండి:

"షిఫ్ట్ ఇన్‌చార్జి గారికి నమస్కారం. నేను ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. నా భార్య డ్యూటీ సాయంత్రం 6 వరకు కాబట్టి ఫస్ట్ షిఫ్టు వారంలో 3:30కు పాపను బడి నుంచి నేనే తీసుకురావాలి. గత 21 రోజుల్లో నాకు పడిన 6 ఫస్ట్ షిఫ్టులలో 4 సార్లు రిలీవర్ 2:15 తర్వాత వచ్చారు, నాకు కంపెనీ బస్సు తప్పిపోయింది. నా పక్క మిషన్ సహోద్యోగి ఫస్ట్ షిఫ్టు వారంలో 2:05 నుంచి నా హ్యాండోవర్ కూడా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. దానికి బదులు సెకండ్ షిఫ్టు వారంలో రాత్రి 10 గంటలకు ఇద్దరి హ్యాండోవర్ నేను ఇస్తాను. ఇద్దరమూ కింద సంతకం చేశాము. దీన్ని 6 వారాలు ప్రయత్నంగా అనుమతించండి. మిషన్ ఒక్కరోజు ఆగినా, హ్యాండోవర్‌లో తప్పు వచ్చినా పాత పద్ధతికే వస్తాము."

ఆరు వారాలు ఎందుకంటే మూడు వారాల చక్రం రెండుసార్లు తిరగాలి. మొదటి చక్రంలో లోపాలు బయటపడతాయి, రెండో చక్రంలో సర్దుకుందో లేదో తెలుస్తుంది. నెల రోజులని అడిగితే ఫస్ట్ షిఫ్టు ఒక్కసారే వచ్చి పోవచ్చు.

రెండు కాపీలు తీసి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. అర్జీ ఇచ్చే సమయం కూడా ముఖ్యం. వచ్చే నెల చార్టు ఏ తేదీన వేస్తారో కనుక్కుని దానికి నాలుగైదు రోజుల ముందు ఇవ్వండి. షిఫ్టు మారే పదిహేను నిమిషాల్లో, గేటు దగ్గర, నలుగురి ముందు అడగొద్దు. అప్పుడు ఒప్పుకుంటే మిగతావాళ్ళందరూ అడుగుతారని ఇన్‌చార్జికి భయం. భోజనం తర్వాత, ఆఫీసు గదిలో, "సార్, ఐదు నిమిషాలు" అని కూర్చుని మాట్లాడండి. వయసులో చిన్నవాడైనా, "అన్నా" అని పిలిచే చనువున్నా, ఈ ఒక్క మాట సార్ అనే మొదలుపెట్టండి. చనువుతో అడిగింది చనువుతోనే కొట్టేస్తారు.

మ్యూచువల్‌లో జరిగే పొరపాట్లు

నోటిమాట మార్పిడి చాలా ప్రమాదం. చార్టులో మీ పేరుండి మీకు బదులు ఇంకొకరు డ్యూటీలో ఉన్నారనుకోండి. అవతలివాళ్ళు ఆ రోజు రాకపోతే గైర్హాజరు మీ మీద పడుతుంది. వచ్చి వాళ్ళకు దెబ్బ తగిలితే ఇంకా కష్టం. మస్టర్‌లో పేరు లేని మనిషి ఆ వేళ అక్కడ ఎందుకున్నాడన్న ప్రశ్న దగ్గరే పరిహారం చిక్కుకుంటుంది. అందుకే మ్యూచువల్ ఎంత చిన్నదైనా చార్టులో దిద్ది, ఇన్‌చార్జి పొట్టి సంతకం వేయించాలి.

రెండోది బాకీ. మార్పిడి అంటే చేబదులు లాంటిది, నెల దాటితే తీపి పోతుంది. నోటుపుస్తకం వెనక అట్ట మీద ఎవరికి ఎన్ని డ్యూటీలు బాకీయో రాసుకోండి, రెండు దాటనివ్వొద్దు. పండగలకు ఇది బాగా కలిసొస్తుంది. కడప, కర్నూలు, అనంతపురం సెక్షన్లలో హిందువులు, ముస్లింలు పక్కపక్కనే పనిచేస్తారు. రంజాన్ రోజు వాళ్ళ డ్యూటీ మీరు, దసరాకు మీ డ్యూటీ వాళ్ళు అని సంవత్సరం మొదట్లోనే రాసి పెట్టుకున్న సెక్షన్‌లో పండగ ముందురోజు గొడవలుండవు. గూగూడు పీర్ల పండగకు, కదిరి తేరుకు మాత్రం రెండు వర్గాలవాళ్ళూ పోతారు. ఆ రోజులకు బయటి రిలీవర్‌ను ముందే అడగాలి. అక్టోబరు, నవంబరులో శెనక్కాయ పీకుడు మొదలైతే సొంత చేను ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి సెలవు కావాలి. అది ఎవరికీ కొత్త కాదు కాబట్టి సెప్టెంబరులోనే తేదీలు పంచుకోండి.

మూడోది డబుల్ డ్యూటీ. "ఈ రోజు నాది కూడా చెయ్యి, రేపు నీది నేను చేస్తా" అంటే 16 గంటలు. ఆదా అయిన రోజు నిద్రకే పోతుంది, ఇంటికి మిగలదు.

శాశ్వత నైట్ తీసుకునే ముందు

పగలంతా ఇంట్లో ఉండొచ్చని చాలామంది దీనికి మొగ్గుతారు. నెల రోజులు బాగుంటుంది. తర్వాత నిద్ర ఐదు గంటలకు, నాలుగుకు పడిపోతుంది. ఎందుకంటే ఇంట్లో ఉన్న మనిషి ఖాళీగా ఉన్నాడనే అందరూ అనుకుంటారు. గ్యాస్ బండ వస్తే లేపుతారు, కరెంటు బిల్లుకు లేపుతారు. వేళ ఢీ పోయి అలసట ఢీ వస్తుంది. అది ముందుదానికంటే మొండిది.

తప్పనిసరైతే నిద్రను డ్యూటీలాగే చార్టులో పెట్టండి. మన ఎండాకాలం మిద్దె ఇంట్లో పైకప్పు మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. పన్నెండు తర్వాత పడుకుంటే నిద్ర పట్టదు. కాబట్టి ఉదయం ఏడుకు ఇల్లు చేరితే ఎనిమిదికల్లా పడుకోవాలి. ఉగ్గాని బజ్జి కడుపునిండా తిని పడుకోవద్దు, రెండు ఇడ్లీలు చాలు. రాత్రి రెండు తర్వాత టీ మానేయాలి, దాని ప్రభావం చాలా గంటలు ఉంటుంది. కింది అంతస్తు గది ఉంటే అది, లేకపోతే ఉత్తరం వైపు గది తీసుకుని కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. "మధ్యాహ్నం రెండు దాకా లేపొద్దు" అన్నది తలుపు మీద రాసి అంటించేంత గట్టిగా ఇంట్లో ఒప్పించుకోవాలి.

చార్టు వేసేవాళ్ళకు

ఈ కాగితం సూపర్‌వైజరు చేతికొస్తే ఆయన కోసం నాలుగు మాటలు. చార్టు కనీసం రెండు వారాల ముందు అతికించండి. రేపటి షిఫ్టు ఈ రాత్రి తెలిస్తే ఏ ఇల్లూ సర్దుకోలేదు. షిఫ్టులు ఫస్ట్, సెకండ్, నైట్ అనే వరుసలో ముందుకే తిప్పండి. మన ఒంటి గడియారం 24 గంటల కంటే కాస్త పొడుగు, ఆలస్యంగా పడుకోవడానికి అలవాటు పడినంత తేలిగ్గా ముందుగా లేవడానికి పడదు. రాత్రి పదికి దిగిన మనిషిని ఉదయం ఆరుకు ఎక్కించొద్దు. మధ్యలో ఎనిమిది గంటలే ఉన్నా, రానుపోను ప్రయాణం, తిండి, స్నానం తీసేస్తే నిద్రకు నాలుగు గంటలు కూడా మిగలవు. 11 గంటల ఎడం ఉండాలి. సెక్షన్‌లో ప్రతి ఒక్కరి దగ్గరా "నాకు అస్సలు కుదరని వేళ" ఒక్కటి రాయించుకోండి, ఒక్కటే. అందరివీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు ఒకదాని మీద ఒకటి పడవు.

ఆరు వారాల తర్వాత

మళ్ళీ అదే పుస్తకం తీయండి. ముందు 21 రోజుల్లో ఎన్ని ఢీలు, ఇప్పుడు ఎన్ని? సగానికి తగ్గితే అదే ఏర్పాటును కొనసాగించమని రెండు వాక్యాల అర్జీ ఇవ్వండి, పాత కాపీ జతచేసి. తగ్గకపోతే మీరు పట్టుకున్నది తప్పు అరగంట అన్నమాట. మీకు ఒప్పుకున్న సహోద్యోగిని కూడా అడగండి, ఆయన ఇంట్లో ఏమైనా కొత్త చిక్కు వచ్చిందేమోనని. ఒక ఇంటి ఢీ తీసుకుపోయి ఇంకో ఇంట్లో పెట్టిన ఏర్పాటు మూడో చక్రానికి విరిగిపోతుంది.

ఒక తేదీ మాత్రం ఇప్పుడే రాసిపెట్టుకోండి. మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి: ఉదయం 7:45కు గంట కొడితే మధ్యాహ్నం 12:30కు పిల్లలు గేటు బయట ఉంటారు. మీరు 3:30 కోసం చేసుకున్న ఏర్పాటు ఆ రోజు నుంచి పనికిరాదు. ఏప్రిల్ చివర సెలవులు మొదలైతే పిల్లలు పొద్దంతా ఇంట్లోనే. కాబట్టి ఆ మూడు నెలల అర్జీ వేరుగా, ఫిబ్రవరి ఆఖరుకే ఇన్‌చార్జి బల్ల మీద ఉండాలి.